తుప్పుకూ తుక్కుకూ మధ్య

అండమాన్‌లో పాతకాలపు పనిముట్ల కోసం వెదికేవారికి సంతలు కనిపించవు. ఉన్నవి కబాడీ కొట్లు, ప్రభుత్వ వేలాలు, నూట నలభై ఏళ్లు దాటిన ఒక రంపపు మిల్లు. అయినా అక్కడ దొరికే కథలు మరెక్కడా దొరకవు.

అండమాన్ దీవుల్లో ఇనుము పుట్టదు. అక్కడున్న ప్రతి మేకూ, ప్రతి గునపమూ, ప్రతి రంపమూ ఎప్పుడో ఒకప్పుడు ఓడలో వచ్చినదే. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల్లో బయల్దేరి రెండున్నర మూడు రోజులు సముద్రంలో ప్రయాణించి వచ్చిన వస్తువును ఎవరూ తేలిగ్గా పారేయరు. పిడి విరిగితే కొత్త పిడి వేస్తారు. అంచు అరిగితే కొలిమిలో కాల్చి సాగదీస్తారు. గొడ్డలిగా పనికిరానిది చీలికగా మారి కట్టెలు చీల్చడానికి ఉపయోగపడుతుంది. రంపం ముక్కలైతే వంటింటి కత్తులవుతాయి. అప్పటికీ ఏదైనా మిగిలితే తుప్పు తింటుంది. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే చోట, నాలుగు వైపులా ఉప్పుగాలి వీచే చోట తుప్పు ఆకలికి అంతుండదు.

పాతకాలపు చేతి పనిముట్లు సేకరించే సరదా ఉన్నవారికి ఇది ఏమంత ఆశాజనకమైన చోటు కాదు. హైదరాబాద్‌లో అయితే జుమ్మేరాత్ బజార్ ఉంది. గురువారం పొద్దున్నే వెళితే నేల మీద పరిచిన గోనెసంచుల మీద పాత పానాలు, పటకార్లు, చిత్రికలు, ఎవరి తాత వాడాడో తెలియని ఉలులు కుప్పలుగా కనిపిస్తాయి. ముంబైలో చోర్ బజార్ ఉంది. గుజరాత్‌లోని అలంగ్‌లో, ముక్కలు చేసిన ఓడల్లోంచి తీసిన సామాన్లను రోడ్డుకు రెండు వైపులా కొట్లు పెట్టి అమ్ముతారు. పోర్ట్‌బ్లెయిర్‌లో (2024 సెప్టెంబర్‌లో దీని పేరును శ్రీ విజయపురంగా మార్చారు) అలాంటి సంత లేదు. అబర్డీన్ బజార్‌లో ముత్యాలు, గవ్వలు, పడాక్ చెక్కతో చేసిన బొమ్మలు దొరుకుతాయి. పాత పనిముట్లు మాత్రం ఉండవు. వాటి కోసం బజారు వదిలి కబాడీ కొట్లు, రేవు పక్కన గోదాములు, పడవలు బాగుచేసే ఒడ్లు తిరగాలి.

అసలు ఈ సరదా ఏమిటని అడిగేవారికి ఒక పాత సంగతి చెప్పాలి. 1897లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో హెన్రీ మెర్సర్ అనే పురావస్తు పరిశోధకుడు పాతకాలపు పొయ్యి పటకారు ఒకటి కావాలని ఓ పాత సామాన్ల వ్యాపారి దగ్గరకు వెళ్లాడు. ఊళ్లలో జరిగే వేలాల్లో కారుచౌకగా కొని పడేసిన గుట్ట ఒకటి అక్కడ ఉంది. కర్ర రంపాలు, అవిసె నార దువ్వే దువ్వెనలు, గొర్రెల ఉన్ని కత్తిరించే కత్తెరలు... యంత్రాలు వచ్చి మూలన పడేసిన సరంజామా. భూమిని తవ్వి వేల ఏళ్ల నాటి రాతి పనిముట్ల కోసం వెదికే మనిషికి, తన తాతల కాలం నాటివి కళ్లముందే చెత్తలోకి పోతున్నాయని అప్పుడు తట్టింది. ఆ తర్వాత ఆయన సేకరించిన వేల పనిముట్లకు డాయిల్స్‌టౌన్‌లో ఏకంగా కాంక్రీటు కోటలాంటి మ్యూజియమే వెలిసింది. 1916లో అది పూర్తయింది. 1933లో అమెరికాలో పాతకాలపు వృత్తులు, పనిముట్ల మీద ఆసక్తి ఉన్నవారు ఒక సంఘమే పెట్టుకున్నారు. ఇంగ్లాండ్‌లో ఆదివారం పూట కార్ల డిక్కీలు తెరిచి పాత సామాన్లు అమ్మే మైదానాల్లో, తెల్లవారకముందే టార్చిలైటు పట్టుకుని తిరిగే పనిముట్ల వేటగాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

వాళ్లు వెదికేది ముద్రల కోసం. ఇంగ్లాండ్‌లోని షెఫీల్డ్‌లో తయారైన పాత ఉలుల మీద, రంపాల మీద 'కాస్ట్ స్టీల్' అన్న అక్షరాలు ఉంటాయి. అమెరికాలోని స్టాన్లీ కంపెనీ చిత్రికలకు పోత ఇనుము మీదే పేటెంటు తేదీలు ఉంటాయి. 1902, 1910 అని కనిపిస్తే అది ఏ కాలపు సరుకో ఒక అంచనాకు రావచ్చు. ఫిలడెల్ఫియా డిస్టన్ రంపాలకు పిడి మీద ఇత్తడి బిళ్ల ఉంటుంది. ఆ బిళ్ల మీద అక్షరాల తీరును బట్టి ఏ దశాబ్దంలో తయారైందో చెప్పే నిపుణులున్నారు. అండమాన్ విషయంలో చూడాల్సిన ముద్ర మరొకటి ఉంది. బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి అని తెలిపే బాణం మొన గుర్తు. మూడు గీతలు ఒకచోట కలిసినట్టుండే ఆ గుర్తు తుప్పు కింద కనిపిస్తే, ఆ వస్తువు దొరగారి స్టోర్స్ రిజిస్టర్ దాటి వచ్చిందని అర్థం.

దొరగారి స్టోర్స్ అంటే శిక్షా స్థావరం. 1858 మార్చి 10న డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో వచ్చి దిగింది చాథం ద్వీపంలో. నీటి ఎద్దడి వల్ల తర్వాత రాస్ ద్వీపానికి మారారు. అంతకు ముందే, 1789లో, ఆర్చిబాల్డ్ బ్లెయిర్ తొలి స్థావరం పెట్టింది కూడా చాథంలోనే. రెండుసార్లూ ముందుగా అవసరమైనవి గొడ్డళ్లూ రంపాలే. సముద్రం ఒడ్డు దాకా దిగిన అడవిని నరికితే తప్ప కాలు పెట్టే చోటు లేదు. నరికినవారు ఖైదీలు. 1896లో మొదలై 1906లో పూర్తయిన సెల్యులర్ జైలును కట్టిందీ ఖైదీలే.

ఆ జైలు చూడటానికి వెళ్లేవారికి నూనె గానుగ కనిపిస్తుంది. ఎద్దుల బదులు మనుషుల్ని కట్టి రోజుకు 30 పౌన్ల కొబ్బరి నూనె తీయించిన చరిత్ర దానిది. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర లాంటి మన్యం వీరులనూ ఈ దీవులకే పంపారు. గానుగ ముందు ఆగి చూసేవారు ఎందరో. కానీ ఏడు విభాగాల జైలును ఇటుక మీద ఇటుక పేర్చి లేపిన తాపీలు, గజబద్దలు, తూకపు గుండ్లు ఏమయ్యాయని అడిగేవారు తక్కువ. ఏడు విభాగాల్లో ఇప్పుడు మిగిలినవి మూడు. కట్టిన పనిముట్లలో ఎన్ని మిగిలాయో లెక్క ఎవరూ పెట్టలేదు. శిక్ష వేసిన పరికరం స్మారక చిహ్నమవుతుంది. పని చేయించుకున్న పరికరం తుక్కవుతుంది. మ్యూజియాలన్నిటిలోనూ ఉన్న పక్షపాతమే ఇది, అండమాన్‌దే కాదు.

పోర్ట్‌బ్లెయిర్‌లో పనిముట్ల చరిత్ర చూడాలంటే పోవాల్సింది మళ్లీ చాథంకే. చిన్న వంతెన దాటితే వచ్చే ఆ బుల్లి ద్వీపంలో 1883లో అటవీ శాఖ రంపపు మిల్లు పెట్టింది. ఆసియాలోని అతి పాత, అతి పెద్ద రంపపు మిల్లుల్లో ఒకటిగా దీన్ని చెబుతారు. ద్వీపం మొత్తం మిల్లే. దుంగలు సముద్రం మీదుగా వచ్చేవి. ఒక పక్క నుంచి దుంగ వెళ్లి మరో పక్క నుంచి పలకగా బయటికి వచ్చేది. ఎర్రగా మెరిసే పడాక్, నలుపు చారల మార్బుల్‌వుడ్, తెల్ల చుగ్లం, కోకో, గుర్జన్... ఇక్కడి కలప లండన్ దాకా పోయింది. బకింగ్‌హామ్ ప్యాలెస్‌లోనూ అండమాన్ పడాక్ ఉందని గైడ్లు గర్వంగా చెబుతారు.

అడవిలో చెట్టు కూల్చే దగ్గర మాత్రం చాలాకాలం మనిషి చెయ్యే యంత్రం. చెరో పక్క ఒకరు పట్టుకుని లాగే పెద్ద రంపాలవి. లాగాలే తప్ప తొయ్యకూడదు. తోస్తే రేకు వంగుతుంది. ఇద్దరి ఊపిరి కలవకపోతే రంపం కదలదు. దుంగను పలకలుగా కోయాలంటే దాన్ని ఎత్తు మీదకు ఎక్కించి, పైన ఒకరు, కింద ఒకరు నిలబడేవారు. కిందివాడి కళ్లల్లో రంపపు పొట్టు పడేది. చెక్క సంగతి తెలిసినవారికి అండమాన్ కలప మీద గౌరవంతో పాటు కాస్త కోపం కూడా ఉంటుంది. గుర్జన్‌లో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, అది రంపపు పళ్లను మొద్దుబారుస్తుంది. పైగా దాని జిగురు పళ్ల మధ్య పేరుకుంటుంది. కొద్దిసేపు కోయగానే ఆపి కిరసనాయిలుతో తుడవాలి, ఆకురాయి పట్టాలి. మిల్లుల్లో ఆ పని చేసేవారిని 'సా డాక్టర్' అంటారు. రంపానికి డాక్టరన్నమాట. ఒక్కో పన్నును కాస్త ఎడమకు, తర్వాతి దాన్ని కాస్త కుడికి వంచితేనే రంపం తాను కోసిన గాడిలో తానే ఇరుక్కుపోకుండా కదులుతుంది. ఆ వంపు ఎంతన్నది కలపను బట్టి మారుతుంది. పడాక్‌కు ఒకలా, మెత్తని పపీతా కలపకు మరోలా. ఈ లెక్క పుస్తకాల్లో కన్నా వేళ్లలో ఎక్కువ ఉండేది.

అందుకే సేకర్తకు పాత రంపం దొరికితే తయారీదారు పేరు కంటే ముందు పళ్లు చూడాలి. అసలు ఎంత వెడల్పు ఉండాల్సిన రేకు ఎంతకు తగ్గిందో చూస్తే ఎన్ని వందల సార్లు దానికి ఆకురాయి పట్టారో తెలుస్తుంది. పిడి చూడాలి. రేకు షెఫీల్డ్‌దైనా, ఫిలడెల్ఫియాదైనా, ఈ తడిలో పిడి మారకుండా వందేళ్లు నిలిచే పనిముట్టు అరుదు. మారిన పిడి ఇక్కడి అడవి చెక్క అయి ఉంటే, బొటనవేలు ఆనిన చోట గుంత పడి ఉంటే, ఆ వస్తువు విదేశీ సరుకు అనిపించుకోదు. లండన్‌లో అయితే పిడి మారినందుకు ధర తగ్గిస్తారు. ఇక్కడి సరుకుకు ఆ లెక్క తిరగబడాలి.

చాథం మిల్లు చూసింది తక్కువేమీ కాదు. 1942 మార్చిలో జపాన్ ఈ దీవులను ఆక్రమించడానికి ముందు మిల్లు మీద బాంబు పడింది. ఆ గుంతను ఇప్పటికీ చూపిస్తారు. 1945 అక్టోబర్ దాకా సాగిన జపాన్ ఏలుబడి తర్వాత మిల్లు మళ్లీ లేచింది. అసలు దెబ్బ 2002లో తగిలింది. శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక ఆధారంగా ఆ ఏడాది మే నెలలో సుప్రీంకోర్టు అండమాన్ అడవుల నరికివేతను గట్టిగా కట్టడి చేసింది. కలప పరిశ్రమకు దుంగల సరఫరా ఆగింది. దీవుల నుంచి కలప బయటికి పోవడమూ ఆగింది. అడవికి అది మేలు. ఆ తీర్పు రాకపోతే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. కానీ ఒక పనితనం ఆగిపోయినప్పుడు దాని సరంజామా అంతా ఒక్కసారిగా అక్కరకు రానిదైపోతుంది. దుంగలు తోసే కొక్కేలు, గొలుసులు, బరువైన గొడ్డళ్లు, రంపాలు, చివరకు ఏనుగులు కూడా. దుంగలు లాగడానికి తెచ్చిన ఏనుగుల్లో రాజన్ అనేది సముద్రంలో ఈదే ఏనుగుగా పేరు తెచ్చుకుని, హేవ్‌లాక్‌లో పర్యాటకుల అభిమానం మధ్య 2016లో కన్నుమూసింది. గొలుసులకు ఆ అదృష్టం లేదు.

మిల్లు పక్కనే అటవీ మ్యూజియం ఉంది. చెక్కిన బొమ్మలు, నునుపు చేసిన పలకలు, రకరకాల కలప నమూనాలు, ఫొటోలు అక్కడ చక్కగా అమర్చారు. చూడదగ్గదే. అయితే అందులో మెరిసేది కలప, కోసిన చెయ్యి కాదు. అదే గదిలో ఒక గోడకు నాలుగు తరాల రంపాలు వరసగా వేలాడదీసి, ఏది ఏ కలపకు, ఎవరు వాడారు అని రాసి పెడితే అయ్యే ఖర్చెంత? వేలంలో వాటికి వచ్చే డబ్బు కంటే ఎక్కువేమీ ఉండదు.

వేలం అంటే ఇక్కడ వేటగాళ్లకు ఉన్న ఒకే ఒక్క అధికారిక మార్గం. దీవుల్లో అతి పెద్ద యజమాని ప్రభుత్వమే. అటవీ శాఖ, ప్రజా పనుల శాఖ, రేవులు, ఓడల మరమ్మతు కేంద్రాలు... పాత పనిముట్లు ఎక్కడైనా ఉన్నాయంటే ఈ శాఖల గోదాముల్లోనే. పనికిరాదని కమిటీ తేల్చిన సామాన్లను 'కండెమ్' చేసి లాట్లుగా కట్టి వేలం వేస్తారు. ఇప్పుడు అలాంటివి చాలావరకు ఆన్‌లైన్‌లోనే జరుగుతాయి. ఇలాంటి వేలాల్లో లాటు వర్ణన సాధారణంగా పాత ఇనుము, మిశ్రమ సామాను అన్నంత వరకే. అందులో విరిగిన కుర్చీ కాళ్లున్నాయా, 1910 నాటి చిత్రిక ఉందా అన్నది కళ్లతో చూస్తే తప్ప తెలియదు. పైగా లాటు మొత్తం కొనాలి. ఒక ఉలి కోసం టన్ను తుక్కు కొనే సేకర్త ఉండడు. కాబట్టి కొనేది తుక్కు వ్యాపారి. ఆయన దాన్ని ఓడకెక్కించి ప్రధాన భూభాగానికి పంపుతాడు. అక్కడ అది కరిగి ఏ కడ్డీగానో మారుతుంది. కబాడీ కొట్టులో ఈ మధ్యలో ఒకటి రెండు వారాలు ఆగినప్పుడు కనబడితే కనబడినట్టు. ధర కిలోల్లోనే. అడిగినవాడి కళ్లల్లో మెరుపు కనిపిస్తే మాత్రం కిలో లెక్క కాస్తా మాట లెక్క అవుతుంది. అది ఏ ఊరి కబాడీకైనా సహజమే.

ఇక్కడ చట్టం ఒక వింత చేస్తుంది. 1972 నాటి పురావస్తు, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఏ చరిత్ర ప్రాధాన్యమున్న వస్తువైనా పురావస్తువే కావచ్చు. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. పురావస్తువుల వ్యాపారం చేయాలన్నా లైసెన్సు కావాలి. చాథం మిల్లు పుట్టి నూట నలభై ఏళ్లు దాటింది. ఆనాటి రంపం ఒకటి తుక్కు లాటులో పడితే, అది విదేశానికి పోతే నేరం, కొలిమిలోకి పోతే రసీదు. విగ్రహాల దొంగల మీద ఉన్న పట్టింపు ఉలుల కరిగింపు మీద ఎవరికీ లేదు. చట్టం రాసినవారి మనసులో రంపం లేదన్నది స్పష్టం.

కథను ఇంకా వెనక్కి తీసుకెళితే, పాత ఇనుమును వెదికి పట్టి కొత్త జన్మ ఇవ్వడంలో ఈ దీవుల తొలి నివాసులను మించినవారు లేరు. బ్రిటిష్ అధికారి ఎడ్వర్డ్ హొరేస్ మ్యాన్ 1880ల్లో, మానవ శాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్ బ్రౌన్ 1906-08 నాటి పరిశోధన తర్వాత 1922లో రాసిన పుస్తకంలో అండమానీయుల పనిముట్లను వివరంగా నమోదు చేశారు. ఇనుము కరిగించడం వాళ్లకు తెలియదు. ఒడ్డున పగిలిన ఓడల నుంచి ఇనుప ముక్కలు తెచ్చి, వేడి చేయకుండానే రాయితో కొట్టి కొట్టి, రాతి మీద అరగదీసి బాణం మొనలు, బాడిసలు చేసుకునేవారు. అంతకు ముందు ఆ పని ఆల్చిప్పలది. పడవ తొలిచే బాడిసకు చిప్ప స్థానంలో ఇనుము వచ్చాక పని ఎంత తేలికైందో ఆలోచిస్తే, ఓడ మునక అన్నది ఒక ఒడ్డున విషాదమూ మరో ఒడ్డున పండగా ఎలా అవుతుందో అర్థమవుతుంది.

అది పాత సంగతి మాత్రమే కాదు. 1981 ఆగస్టులో ప్రిమ్‌రోజ్ అనే సరుకు ఓడ నార్త్ సెంటినెల్ ద్వీపం చుట్టూ ఉన్న పగడపు దిబ్బల మీద చిక్కుకుంది. ఒడ్డున విల్లంబులతో గుమిగూడిన సెంటినలీలను చూసి సిబ్బంది సహాయం కోసం రేడియోలో మొత్తుకున్నారు. చివరికి హెలికాప్టర్ వచ్చి వాళ్లను తీసుకెళ్లింది. ఓడ అక్కడే ఉండిపోయింది. దాని ఇనుము సెంటినలీల బాణాలకు మొనలైందని మానవ శాస్త్రవేత్తలు గమనించారు. 1970ల్లో ఆ ద్వీపానికి వెళ్లిన బృందాలు కొబ్బరికాయలతో పాటు సుత్తులు, పొడవాటి కత్తులు కూడా కానుకలుగా తీసుకెళ్లినట్టు ఆ బృందాల్లో పనిచేసిన టి.ఎన్. పండిట్ చెప్పారు. 1990ల చివర్లో బయటివారితో సఖ్యత కుదిరేదాకా జారవాలు అడవి అంచు పల్లెల మీద పడినప్పుడు ఎత్తుకెళ్లిన వాటిలో ఇనుప సామానుకు పెద్ద పీట. పల్లెల్లో పోయిన గునపం అడవిలో బాణమయ్యేది.

పోర్ట్‌బ్లెయిర్‌లోని ఆంత్రొపలాజికల్ మ్యూజియంలో ఈ బాణాలు, బాడిసలు చూడొచ్చు. సేకర్తలు అక్కడితో ఆగాలి. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనల ప్రకారం తెగల ప్రాంతాల్లోకి అనుమతి లేకుండా వెళ్లడం నేరం. దాన్ని అటుంచినా, ఆ మనుషుల దగ్గర ఉన్నది 'కలెక్షన్' కాదు, బతుకుతెరువు.

ఇనుముతో బతుకుతెరువు ముడిపడిన మరికొందరిని ప్రభుత్వమే ఇక్కడికి తెచ్చింది. అడవి పనుల కోసం 1918 నుంచి ఛోటా నాగ్‌పూర్ ఆదివాసులను తెచ్చారు. ఇప్పటికీ వాళ్లను 'రాంచీవాలా'లనే పిలుస్తారు. 1925లో బర్మా నుంచి కరెన్ కుటుంబాలు వచ్చి మాయాబందర్ దగ్గర వెబి గ్రామంలో స్థిరపడ్డాయి. కరెన్‌ల చేతిలో కత్తి (దీవుల్లో అందరూ 'దావ్' అంటారు) శరీరంలో భాగంలా ఉంటుంది. వెదురు చీల్చడం, కొబ్బరి కొట్టడం, పడవకు చెక్క చెక్కడం, దారికి అడ్డొచ్చిన తీగ నరకడం అన్నిటికీ అదొక్కటే. దేశ విభజన తర్వాత 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థులు వచ్చారు. ఇలా ప్రతి అలా తన పనిముట్టునూ దాని పేరునూ తెచ్చింది. రంపాన్ని హిందీలో ఆరీ అంటారు, బెంగాలీలో కరాత్, తమిళంలో రంబం, మనకు రంపం. ఒకే పని స్థలంలో నలుగురు నాలుగు పేర్లతో పిలిచినా వస్తువు మాత్రం సరైన చేతికే అందుతుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లోని 3.8 లక్షల మందిలో 13 శాతం పైగా తెలుగు మాట్లాడేవారే. బెంగాలీ, హిందీ, తమిళాల తర్వాతి స్థానం మనదే. వీరిలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన మత్స్యకార కుటుంబాలు ఎక్కువ. జంగ్లీఘాట్ వైపు వెళితే చేపల రేవులో ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుంది. పడవ చెక్కల మధ్య సందుల్లో దూది కూరే మొండి ఉలి, చెక్క సుత్తి, పలక నునుపు చేసే బాడిస ఇలాంటి రేవుల సరంజామా. ఫైబర్ పడవలు వచ్చాక వాటికీ పని తగ్గింది. ఫైబర్‌కు కావాల్సింది ఉలి కాదు, బ్రష్షూ రసాయనమూ. తూర్పు తీరంలో సోంపేట నుంచి భీమిలి దాకా పడవల వడ్రంగుల చేతుల్లో జరిగిన మార్పే ఇక్కడా జరిగింది. తేడా ఒక్కటే. అక్కడ మూలనపడిన బాడిసకు కనీసం పశువుల శాలలో ఒక చూరు ఉంటుంది. ఇక్కడి చిన్న క్వార్టర్లలో చూరూ లేదు, ఉప్పుగాలికి అడ్డూ లేదు.

2004 డిసెంబర్ 26 నాటి సునామీ ఈ లెక్కలో మరో గీత. నికోబార్ దీవుల్లో ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయి. దక్షిణ అండమాన్‌లో నేల కుంగి సిప్పీఘాట్ లాంటి చోట్ల పొలాలు ఉప్పునీటి కిందకు వెళ్లి అక్కడే ఉండిపోయాయి. ఇల్లు పోయినవాడికి తాత నాటి ఉలి పోయిందని బాధపడే తీరిక ఉండదు. కానీ సహాయ శిబిరాల తర్వాత చేతికొచ్చిన పనిముట్లన్నీ కొత్తవి. అంతకు ముందు తరాలతో ముడి అక్కడ తెగింది. నికోబార్‌లో 2004కు ముందటి పనిముట్టు ఒకటి కనిపిస్తే, దాని మీద ఏ కంపెనీ ముద్ర లేకపోయినా, అరుదైన వస్తువే.

ఇలాంటివి దొరికినవారు తొందరపడి చేసే పని ఒకటుంది. గ్రైండర్ పట్టి తళతళలాడించడం. పాత పనిముట్లు తెలిసినవారు ఈ మాట వింటే తల పట్టుకుంటారు. తుప్పుతో పాటు ముద్రా పోతుంది, వంపూ పోతుంది. కిరసనాయిలులో నానబెట్టి, మెత్తని ఇత్తడి బ్రష్‌తో రుద్ది, ఆరాక పల్చగా నూనె పట్టిస్తే చాలు. ఖనిజ నూనె అయితే మరీ మంచిది. కొబ్బరి నూనె దీవుల్లో సులువుగా దొరుకుతుంది గానీ కాలక్రమంలో జిడ్డుకట్టి దుమ్ము పట్టుకుంటుంది. చెక్క పిడికి చెద ఉందేమో చూడాలి. అండమాన్‌లో కొన్న చెక్క వస్తువు ఏదైనా సరే రసీదు దాచుకోవడం మంచిది. కలప తరలింపు మీద ఆంక్షలున్న చోటు అది.

పిడిని దాచుకోవడం దాకా వచ్చేసరికి అసలు చిక్కు బయటపడుతుంది. బెంగళూరు నుంచో హైదరాబాద్ నుంచో వచ్చిన సేకర్త ఒక పాత బాడిసను కొని తీసుకెళితే అది తుప్పు నుంచి బతుకుతుంది, అద్దాల బీరువాలో భద్రంగా ఉంటుంది. అయితే అక్కడ దాన్ని చూసేవాడికి గుర్జన్ జిగురు తెలియదు, రాంచీవాలా తెలియదు, జంగ్లీఘాట్ తెలియదు. వదిలేసి వస్తే వాడకంలో అరిగో, తుక్కులో కరిగో పోతుంది. రెండిటికీ మధ్య మూడో దారి స్థానిక మ్యూజియం. చాథంలో స్థలం ఉంది, నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపంగా 2018లో పేరు మారిన రాస్‌లో మర్రి ఊడలు కౌగిలించుకున్న బేకరీ గోడలూ అచ్చాఫీసు శిథిలాలూ ఉన్నాయి. లేనిదల్లా కండెమ్నేషన్ కమిటీలో ఒక సా డాక్టరుకో, ఒక వడ్రంగికో కుర్చీ. లాటు కట్టే ముందు ఒక పూట ఆ మనిషి గుట్ట చుట్టూ తిరిగి పది వస్తువులు పక్కన పెడితే చాలు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు.

ఈలోగా ఇనుము తన పని తాను చేసుకుపోతోంది. దీవుల్లోనూ, దేశమంతటా కొలిముల్లో కత్తులకు అందరూ ఇష్టపడే సరుకు కొత్త ఉక్కు కాదు, లారీల పాత కమాను బద్దలు. గ్రేట్ అండమాన్ ట్రంక్ రోడ్డు గతుకుల్లో అలిసి విరిగిన బద్ద కొలిమికి చేరుతుంది. ఎర్రగా కాల్చి, చదును చేసి, అంచు తీసి, చివరగా నీళ్లలో ముంచితే ఆవిరి చప్పుడుతో దావ్ తయారవుతుంది. దానికి పిడి పడుతుంది. మర్నాడు పొద్దున అది కొబ్బరి తోటలో ఉంటుంది.